ఆపరేషన్‌లో దెబ్బ తగిలాక ఏ డాక్టర్నీ నమ్మలేకపోతున్నాను

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 44 ఏళ్లు. రెండేళ్ల కిందట గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని లాపరోస్కోపీ ఆపరేషన్ చేశారు. చిన్న ఆపరేషనే, మర్నాడు ఇంటికి వెళ్లిపోవచ్చన్నారు. అలాగే పంపారు. మూడో రోజుకి కడుపు ఉబ్బిపోయి, నొప్పితో నిలబడలేకపోయాను. ఫోన్ చేస్తే గ్యాస్ అన్నారు. మళ్లీ వెళ్తే మాత్రలు రాసి పంపేశారు. ఆరో రోజున కళ్లు పచ్చబడ్డాయి. వేరే ఆసుపత్రికి వెళ్తే స్కాన్ చేసి, లివర్ నుంచి వచ్చే పెద్ద పిత్తనాళం తెగిపోయిందని చెప్పారు. కడుపులో చేరిన పైత్యరసాన్ని గొట్టం పెట్టి తీశారు. కొన్ని వారాలాగి పెద్ద ఆపరేషన్ చేసి, పేగును తెచ్చి నాళానికి కుట్టారు. ఇదేమిటని మొదటి సర్జన్ని అడిగితే, "ఇలాంటివి జరుగుతుంటాయి, అన్నీ చదివే కదా సంతకం పెట్టారు" అన్నారు. ఆ తర్వాత ఆయన ఫోనే ఎత్తలేదు.

అప్పటినుంచి ఏ డాక్టర్నీ నమ్మలేకపోతున్నాను. ఆసుపత్రి గేటు దగ్గరికి వెళ్తేనే గుండె దడ. రెండో ఆపరేషన్ చేసినాయన రమ్మన్న చెకప్‌లకు ఏడాదిగా వెళ్లలేదు. ఆయన మీద నాకే కోపమూ లేదు, అయినా కాళ్లు కదలవు. మా అమ్మకు శుక్లం ఆపరేషన్ చేయిద్దామంటే నేనే వద్దని ఆపేశాను. మావారు "వాళ్లూ మనుషులే, అయిందేదో అయింది, మర్చిపో" అంటారు. మళ్లీ నమ్మడం ఎలాగండీ? అసలు నమ్మాలా? మొన్న రెండు రాత్రులు చలి పెట్టి జ్వరం వచ్చింది. మాత్ర వేసుకుంటే తగ్గింది. నా పేరు వేయకండి.

జవాబు: అమ్మా, మీరు చివర్లో మాట వరసకు రాసిన జ్వరం గురించే ముందు చెప్తాను. మీ ఉత్తరం చూసిన రోజే మీకు విడిగా కబురు పంపాను. ఇదే ఆపరేషన్ అయినవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి ఇక్కడ కూడా రాస్తున్నాను.

పిత్తనాళానికి పేగు కలిపి కుట్టించుకున్నవాళ్లకు వణుకుతో జ్వరం వస్తే దాన్ని మామూలు జ్వరం అనుకోకూడదు. కుట్టిన చోట దారి మెల్లగా ఇరుకైపోయి, పైత్యరసం కిందికి దిగక నిలిచిపోయి, అందులో ఇన్ఫెక్షన్ చేరి ఉండొచ్చు. చలిజ్వరం, కుడివైపు డొక్క కింద నొప్పి, కళ్లు పచ్చబడటం, ఈ మూడూ కలిసే వస్తాయని లేదు. ఒక్క చలిజ్వరమే రావచ్చు. మాత్రకు తగ్గినట్టే తగ్గి మళ్లీ రావచ్చు. ఆ ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఆలస్యం లేకుండా లివర్ రక్తపరీక్ష, కడుపు స్కాన్ చేయించుకోవాలి. ఇంకోసారి చలిజ్వరం వస్తే అర్ధరాత్రైనా సరే ఎమర్జెన్సీకి వెళ్లిపోవాలి. అక్కడ మీ కథంతా చెప్పనక్కర్లేదు. "పిత్తనాళం తెగితే పేగుతో కలిపి కుట్టారు, ఇప్పుడు చలిజ్వరం వస్తోంది" అంటే చాలు. ఆ ఒక్క మాట వింటే వాళ్లు చేయాల్సిన పని వాళ్లకు అర్థమవుతుంది.

ఇలా ఇరుకు కావడం ఎక్కువమందికి మొదటి కొద్ది ఏళ్లలోనే బయటపడుతుంది. కొందరికి పదేళ్లు దాటాక కూడా వస్తుంది. ఏళ్ల తరబడి చెకప్‌కి రమ్మనేది అందుకే. తొందరగా కనిపెడితే చాలామందికి బెలూన్‌తో వెడల్పు చేసి సరిపెట్టొచ్చు. పట్టించుకోకుండా వదిలేస్తే ఏళ్లు గడిచేకొద్దీ లివరే గట్టిపడిపోతుంది. మిమ్మల్ని భయపెట్టాలని కాదు. మీకు జరిగిన అన్యాయం మీ లివర్ని కూడా తీసుకుపోకూడదని చెప్తున్నాను.

ఇప్పుడు మీరడిగిన ప్రశ్న. మళ్లీ నమ్మడం ఎలా అన్నారు. నేను చెప్పదలుచుకున్నది ఇదీ: నమ్మకం తిరిగొచ్చాక వైద్యానికి వెళ్దామని ఆగకండి. నమ్మకం లేకుండానే వెళ్లండి. రక్తం ఇవ్వడానికి ఎవర్నీ నమ్మనక్కర్లేదు. రిపోర్టు మీ చేతికే వస్తుంది. అందులో బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అని ఉంటాయి, పక్కనే మామూలుగా ఎంత ఉండాలో అచ్చయి ఉంటుంది. మీ దగ్గరున్న పాత రిపోర్టు పక్కన పెట్టి ఈ అంకెలు పెరిగాయా లేదా అన్నది మీరే చూసుకోవచ్చు. నాళం ఇరుకవుతుంటే చాలాసార్లు కళ్లు పచ్చబడకముందే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరగడం మొదలవుతుంది. మనుషుల మీద నమ్మకం పోయినా ఈ కాగితం మీ చేతిలో ఉంటుంది. ప్రస్తుతానికి దాంతో మొదలుపెడితే చాలు.

నేనూ డాక్టర్నే. ఆపరేషన్లు చేయను, జనరల్ మెడిసిన్ చూస్తాను. ఆపరేషన్‌లో దెబ్బతిని, ఆ తర్వాత బీపీకో షుగర్‌కో నా దగ్గరికి వచ్చినవాళ్లను చూశాను. వాళ్లలో చాలామంది "ఇది నా మనసు బలహీనతేమో" అంటారు. కాదమ్మా. మత్తిచ్చి పడుకోబెట్టినప్పుడు మనిషి తన ఒంటిని పూర్తిగా ఇంకొకరి చేతిలో పెడుతుంది. ఆ గంటలో ఏం జరిగిందో తను చూడలేదు, తనకు గుర్తుండదు. తర్వాత ఎవరో ఒకరు చెప్తేనే తెలియాలి. ఆ చెప్పాల్సిన మనిషే ముఖం చాటేస్తే, "నాకు తెలియకుండా నా ఒంటికి ఇంకా ఏమేం చేశారో" అన్న అనుమానం రావడం సహజం. ఒకరి మీద పుట్టిన అనుమానం తెల్లకోటు వేసుకున్న అందరి మీదికీ పాకడం కూడా సహజమే. జరిగినదాన్ని బట్టే మీకు ఈ జాగ్రత్త పుట్టింది. అది ఇప్పుడు మీకు అవసరమైన చెకప్‌లకు కూడా అడ్డం పడుతోంది, చిక్కంతా అక్కడే.

మీకు ఏం జరిగి ఉంటుందో కొంచెం వివరంగా చెప్తాను. రెండేళ్లుగా ఇది మీకెవరూ చెప్పినట్టు లేదు.

లివర్ నుంచి పేగులోకి పైత్యరసాన్ని తెచ్చే పెద్ద నాళం మామూలుగా ఆరేడు మిల్లీమీటర్లకు మించి లావుండదు. గాల్‌బ్లాడర్ నుంచి సన్నటి నాళం ఒకటి వచ్చి దాంట్లో కలుస్తుంది. ఆపరేషన్‌లో కత్తిరించాల్సింది ఆ సన్నటి నాళాన్ని. వాపు ఉన్నప్పుడు అక్కడి కొవ్వు, కండ అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి, పెద్ద నాళమే సన్న నాళంలా కనిపిస్తుంది. సర్జన్ దాన్నే క్లిప్ చేసి కత్తిరిస్తారు. 2003లో అమెరికా సర్జన్ లారెన్స్ వే, ఆయన సహచరులు ఇలాంటి 252 కేసులను వరసబెట్టి పరిశీలించారు. 97 శాతం కేసుల్లో అసలు కారణం కన్ను మోసపోవడమేనని, చెయ్యి తిరగకపోవడం వల్ల జరిగినవి చాలా తక్కువని తేల్చారు. కత్తిరించే క్షణంలో తాను సరైన నాళాన్నే కత్తిరిస్తున్నానని సర్జన్‌కి గట్టి నమ్మకం ఉంటుంది. అందుకే సగానికి పైగా కేసులు ఆపరేషన్ బల్ల మీద బయటపడవు. ఇంటికెళ్లాకే తెలుస్తాయి.

ఇదంతా మీ సర్జన్‌ని వెనకేసుకు రావడానికి చెప్పడం లేదు. కన్ను మోసపోతుందని వైద్యలోకానికి ఎప్పుడో తెలుసు. పొట్ట కోసి చేసే రోజుల్లో ఈ గాయం వెయ్యి ఆపరేషన్లలో ఒకటి రెండింట్లో జరిగేది. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె అనే సర్జన్ లాపరోస్కోపీతో గాల్‌బ్లాడర్ తీశాక ఆ పద్ధతి కొద్ది ఏళ్లలోనే ప్రపంచమంతా పాకింది. దాంతో పాటే ఈ గాయాలు వెయ్యికి మూడు నుంచి ఐదు దాకా పెరిగాయి. కారణాలు వెతికారు. 1995లో స్టీవెన్ స్ట్రాస్‌బర్గ్ అనే సర్జన్ బృందం ఒక పద్ధతిని స్పష్టంగా రాసిపెట్టింది: చుట్టూ ఉన్న కొవ్వు తీసేసి, గాల్‌బ్లాడర్ కింది భాగాన్ని లివర్ నుంచి విడదీసి, గాల్‌బ్లాడర్‌లోకి వెళ్లేవి రెండంటే రెండే (ఆ సన్నటి నాళం, ఒక రక్తనాళం) అని కళ్లకు కనిపించేదాకా దేన్నీ కత్తిరించకూడదు. అలా కనిపించకపోతే ఆగాలి. ఇంకో సర్జన్‌ని పిలవాలి. రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీసి చూడాలి. అవసరమైతే గాల్‌బ్లాడర్‌లో కొంత భాగాన్ని అలాగే వదిలేసి బయటికి రావాలి, లేదా పొట్ట తెరవాలి. ఇలా తప్పించుకునే దార్లు ఉన్నాయి కాబట్టే "కన్ను మోసపోయింది" అన్నది వివరణ అవుతుంది గానీ, దాంతో బాధ్యత తీరిపోదు. మీ ఆపరేషన్‌లో ఈ జాగ్రత్తలు తీసుకున్నారా లేదా అన్నది మీ ఉత్తరం చదివి నేను చెప్పలేను. ఆపరేషన్ నోట్స్ చూస్తే కొంత తెలుస్తుంది.

మూడో రోజు సంగతి వేరు. దాని గురించి నాకు సందేహం లేదు. లాపరోస్కోపీ అయినవాళ్లు రోజురోజుకీ తేలిక పడాలి. రెండో రోజు కన్నా మూడో రోజు నొప్పి ఎక్కువైతే, కడుపు ఉబ్బితే, లోపల ఏదో కారుతోందేమో అని ముందు అనుమానించాలి. రక్తపరీక్ష చేయాలి, స్కాన్ తీయాలి. గ్యాస్ అనడం ఆ పరీక్షలన్నీ అయ్యాక అనాల్సిన మాట. నొప్పితో వంగిపోయి రెండోసారి వచ్చిన మనిషిని పరీక్ష లేకుండా పంపేయడం నా దృష్టిలో తప్పే. నాళం తెగడం ఒక్క క్షణంలో జరిగిపోయి ఉండొచ్చు. ఆ తర్వాత మీ మాట వినడానికి మాత్రం వాళ్లకు మూడు రోజుల టైముంది.

"సంతకం పెట్టారు కదా" అన్న మాట కూడా సరికాదు. ఆ కాగితం మీద సంతకానికి అర్థం, ఫలానా ప్రమాదం ఉందని తెలిసే ఆపరేషన్‌కి ఒప్పుకున్నానని. జాగ్రత్త తీసుకోకపోయినా ఫరవాలేదని మీరు ఒప్పుకోలేదు. దెబ్బ తగిలాక నాకు చెప్పకపోయినా ఫరవాలేదని అసలే ఒప్పుకోలేదు. అక్కడ వాడాల్సింది "ఏం జరిగిందంటే" అని మొదలయ్యే వాక్యం. అది మీకు ఇవ్వలేదు. మీ ఉత్తరం రెండు మూడు సార్లు చదివాను. ఆపరేషన్ గురించి ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. ఆయన అన్న మాట మాత్రం కొటేషన్లలో పెట్టి రాశారు, ఫోన్ ఎత్తకపోవడం కూడా రాశారు. మీకు ఎక్కడ తగిలిందో దాన్ని బట్టే తెలుస్తోంది.

ఇందులో మీరొక్కరే లేరు. 1994లో బ్రిటన్‌లో చార్లెస్ విన్సెంట్, మరో ఇద్దరు పరిశోధకులు, డాక్టర్ల మీద కోర్టుకెక్కుతున్న 227 మంది రోగులను, బంధువులను కారణం అడిగారు. పరిహారం కావాలన్నవాళ్లు ఉన్నారు. కానీ వాళ్ల మాటల్లో బలంగా వినిపించినవి వేరే ఉన్నాయి: ఇంకొకరికి ఇలా జరగకూడదు, అసలేం జరిగిందో మాకు తెలియాలి, చేసినవాళ్లు దానికి జవాబు చెప్పాలి. గాయం ఒక్కటే వాళ్లను కోర్టుదాకా తీసుకెళ్లలేదు. తర్వాత తమతో మాట్లాడిన తీరు, మాట్లాడకుండా తప్పించుకున్న తీరు తీసుకెళ్లింది.

మరి డాక్టర్లెందుకు నోరు మూసుకుంటారు? కేసవుతుందన్న భయం ఒకటి. ఏమీ ఒప్పుకోవద్దని లాయర్లు, ఇన్సూరెన్స్ వాళ్లు చెప్పే సలహా ఇంకొకటి. అన్నిటికన్నా ఎక్కువగా సిగ్గు. తన చేతిలో దెబ్బతిన్న మనిషి కళ్లలోకి చూసి మాట్లాడటం ఎలాగో చాలామందికి ఎవరూ నేర్పలేదు. కారణాలు ఇవే గానీ వీటిలో ఏదీ మీరు మోయాల్సిన బరువు కాదు. పైగా ఆ భయం నిజమూ కాదు. అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో 2001 నుంచి, తమవల్ల హాని జరిగితే దాచకుండా చెప్పి, తప్పు తమదైతే క్షమాపణ అడిగి, పరిహారం తామే ఇస్తామనే పద్ధతి మొదలుపెట్టారు. 2010లో లెక్కలు బయటపెట్టారు. లక్షసార్లు రోగులను చూస్తే అంతకుముందు పరిహారం కోరే కొత్త క్లెయిములు ఏడు వచ్చేవి, తర్వాత నాలుగున్నరకు తగ్గాయి. ఇంగ్లండ్‌లో 2014 నుంచి, తమ వైద్యంలో రోగికి తీవ్రమైన హాని జరిగితే ఆ విషయం చెప్పి క్షమాపణ అడగడం ఆసుపత్రులకు చట్టప్రకారం తప్పనిసరి. నిజం చెప్తే ఆసుపత్రులు మూతపడవు.

కాబట్టి మీకు ఆ నిజం దొరికే ప్రయత్నం చేద్దాం. మీరు కోరుకుంటేనే. కొంతమందికి పాత కాగితాలు తిరగేస్తే గాయం రేగుతుంది, వాళ్లు వదిలేయడమే మేలు. మీ ఉత్తరం చూస్తే మీకు తెలుసుకోవాలనే ఉందనిపించింది.

మొదటి ఆసుపత్రికి రాతపూర్వకంగా మీ కేస్ షీట్ మొత్తం నకలు అడగండి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటి సరిపోదు, దాంట్లో సాధారణంగా "ఆపరేషన్ సాఫీగా జరిగింది" అనే ఉంటుంది. ఆపరేషన్ నోట్స్, మత్తు డాక్టర్ రాసిన షీటు, నర్సుల నోట్స్, మీరు సంతకం పెట్టిన కాగితం, తీసిన గాల్‌బ్లాడర్‌ని ల్యాబ్‌లో పరీక్షించిన రిపోర్టు, మూడో రోజు మళ్లీ వెళ్లినప్పటి ఓపీ చీటీ, అన్నీ అడగండి. లాపరోస్కోపీని వీడియో తీసే అలవాటు చాలాచోట్ల ఉంది, అది ఉందేమో కూడా అడగండి. చాలా దేశాల్లో తన రికార్డు నకలు తీసుకునే హక్కు రోగికి ఉంది. ఎందుకని అడిగితే "నా ఫైల్లో పెట్టుకోవడానికి" అంటే చాలు.

ఆ కాగితాలు పట్టుకుని రెండో ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గర కూర్చోండి. లోపల తెగిన నాళాన్ని కళ్లారా చూసిన మనిషి ఆయనే. నాళం ఎక్కడ తెగింది, క్లిప్పులు ఎక్కడున్నాయి, లోపల ఎంత వాపుంది అని అడగండి. ఇంకో డాక్టర్ మీద వ్యాఖ్య చేయడానికి ఆయన వెనకాడొచ్చు. "తప్పెవరిదో చెప్పమనడం లేదు, మీరు చూసింది చెప్పండి" అంటే చాలామంది చెప్తారు.

మొదటి సర్జన్‌ని మళ్లీ కలవాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. కలిస్తే ఒంటరిగా వెళ్లకండి. ఆసుపత్రి సూపరింటెండెంట్‌కి ఉత్తరం రాసి, సమావేశం కావాలని అడగండి. నాలుగు ప్రశ్నలు రాసుకుని వెళ్లండి: కత్తిరించే ముందు మీకేం కనిపించింది? పెద్ద నాళం తెగిందని మీకెప్పుడు తెలిసింది? మూడో రోజు పరీక్షలెందుకు చేయించలేదు? నా తర్వాత మీ పద్ధతిలో ఏం మార్చారు? ఈ చివరిది తప్పకుండా అడగండి. నిజంగా బాధపడిన డాక్టర్ దగ్గర దీనికి ఏదో ఒక జవాబుంటుంది. "మీకు బాధ కలిగినందుకు సారీ" అంటే అది క్షమాపణ కాదు. తాను ఏం చేశారో, ఏం చేయాల్సి ఉండిందో వాళ్ల నోటితో చెప్పాలి. అలా చెప్పకపోతే ఆ గదిలోంచి లేచి వచ్చేయడానికి మీకు పూర్తి హక్కుంది.

ఫిర్యాదు చేయాలనిపిస్తే చేయండి. అది కక్ష కాదు, మీరు పెద్ద మనసు లేనివారు కాదు. డాక్టర్లకు లైసెన్సిచ్చే సంస్థకు చేయొచ్చు, పరిహారం కోసమైతే లాయర్‌ని కలవొచ్చు. దేనికైనా గడువులుంటాయి, మీకిప్పటికే రెండేళ్లయింది. నిర్ణయం తర్వాత తీసుకున్నా, గడువెప్పటిదాకా ఉందో ఈ వారమే కనుక్కోండి.

ఇక ఆ గుండె దడ. ఆసుపత్రి గేటు దగ్గర దడ, స్పిరిట్ వాసనకు చెమటలు, రాత్రుళ్లు ఆ ఆరు రోజులూ కళ్లముందు తిరగడం, కడుపులో కాస్త నొప్పైనా మళ్లీ అదేనేమో అన్న భయం, ఇవి నెలకు మించి ఉంటే దాన్ని ఒక వైద్య సమస్యగా చూడాలి. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లకు, పెద్ద ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్లకు వచ్చేదీ ఇదే కోవలోది. ఆపరేషన్ గాయం తర్వాత కూడా వస్తుంది. దీనికి మంచి చికిత్స ఉంది, చాలావరకు మాటలతోనే, మందులు తప్పనిసరి కాదు. ట్రామా, అంటే ఇలాంటి మానసిక గాయాల మీద పనిచేసిన సైకాలజిస్ట్‌ని వెతకండి. అంటే మీకు జరిగిందంతా మనసులోని భ్రమ అని కాదు. మీ ఒంట్లో జరిగిందే మనసు మోస్తోంది, రెండింటికీ వైద్యం కావాలి.

రెండో సర్జన్ దగ్గరికి మొదటిసారి వెళ్లేటప్పుడు ఇలా చేసి చూడండి. ఫోన్ చేసి, "ఈసారి మాట్లాడటానికే వస్తాను, పరీక్ష బల్ల మీద పడుకోను, రక్తం మాత్రం ఇస్తాను" అని ముందే చెప్పండి. ఓపీ చివర్లో టైం అడగండి, తొందర తక్కువుంటుంది. మీ చరిత్ర ఒక పేజీలో రాసి పట్టుకెళ్లండి, చెప్తూ చెప్తూ ఏడుపొచ్చి ఆగిపోయినా కాగితం చెప్తుంది. వెళ్లగానే ఈ మాట అనండి: "నాకు మొదటి ఆపరేషన్‌లో దెబ్బ తగిలింది, నాకెవరూ నిజం చెప్పలేదు. అందుకే ఎక్కువ ప్రశ్నలు అడుగుతాను, చేసే ప్రతిదీ ముందు చెప్పి చేయండి." అప్పుడు ఆయన ముఖం చూడండి. పెన్ను కింద పెట్టి వింటున్నారా, గడియారం చూస్తున్నారా? తెలియనిదాన్ని తెలియదంటున్నారా? సెకండ్ ఒపీనియన్ తీసుకుంటానంటే చిన్నబుచ్చుకుంటున్నారా, "తీసుకోండి, రిపోర్టులన్నీ ఇస్తాను" అంటున్నారా? "జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేయాలి" అంటే పేరు, నంబరు రాసిస్తున్నారా? ఆ నంబరుకి ఒకసారి చేసి చూడండి. ఎత్తితే ఒక మెట్టు. చెప్పిన రోజుకి రిపోర్టు గురించి ఆయనే ఫోన్ చేస్తే ఇంకో మెట్టు. చెయ్యకపోతే డాక్టర్‌ని మార్చుకోండి. మొదటి ఆపరేషన్ ముందు ఉన్న కళ్లు మూసుకునే నమ్మకం మీకు మళ్లీ రాకపోవచ్చు. రానక్కర్లేదని నా ఉద్దేశం. చూసి, అడిగి, ఒక్కో పని వరకు నమ్మితే మీ వైద్యానికి అది సరిపోతుంది.

మీవారి గురించి ఒక మాట. ఆయన మిమ్మల్ని తక్కువ చేయాలని అనలేదనుకుంటాను. ఆ ఆరు రోజులూ మీ పక్కన ఉన్నదీ, ఏమీ చేయలేకపోయిందీ ఆయనే. మర్చిపో అన్నది తనకు కూడా చెప్పుకుంటున్నారేమో. "మర్చిపోలేను, కానీ చెకప్‌కి వెళ్తాను, మీరు పక్కన కూర్చుని డాక్టర్ చెప్పింది రాసుకోండి" అనండి. చేయడానికి ఒక పనిస్తే ఆయనకీ ఊపిరాడుతుంది. కేస్ షీట్ కోసం తిరిగే పని కూడా ఆయనకే అప్పజెప్పండి, ఆ మెట్లు మీరు ఎక్కనక్కర్లేదు.

మీ అమ్మగారి విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. శుక్లం ఆపరేషన్ కొన్ని వారాలు ఆలస్యమైతే సాధారణంగా కొంప మునగదు, కాబట్టి మీరింతవరకు చేసిందాంట్లో పెద్ద నష్టమేమీ ఉండకపోవచ్చు. కానీ చూపు మందగించిన వయసులో పడిపోతే తుంటి విరుగుతుంది. ఆ ప్రమాదం రోజూ ఉంటుంది, మనకు కనిపించదంతే. ఆవిడ తరఫున మీ భయం నిర్ణయం తీసుకోకూడదు. మీ జాగ్రత్తను మాత్రం ఆవిడకివ్వండి, అది ఆవిడకు పనికొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ల కోసం 19 అంశాల చెక్‌లిస్ట్ ఒకటి తెచ్చింది. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, థియేటర్ దాటే ముందు బృందమంతా ఆగి, మనిషెవరు, ఏ ఆపరేషన్, ఏ వైపు, అలర్జీలున్నాయా అని పైకి చదువుకోవాలి. ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో దాన్ని వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, ఆపరేషన్ తర్వాతి సమస్యలు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయని 2009లో ప్రకటించారు. కంటి డాక్టర్ దగ్గరికి అమ్మతో పాటు మీరూ వెళ్లండి. ఈ చెక్‌లిస్ట్ వాడతారా, ఆపరేషన్ చేసేది మీరేనా ఇంకెవరైనానా, ఏడాదికి ఎన్ని చేస్తారు, ఏదైనా తేడా వస్తే మాకెవరు చెప్తారు, ఎప్పుడు చెప్తారు అని అడగండి. జవాబులు అమ్మ కూడా వినాలి. చేయించుకోవాలా వద్దా అన్నది ఆ తర్వాత ఆవిడనే చెప్పమనండి.